పప్పు రాత్రికి జరిపాం: నాన్న పార్కిన్సన్స్, మా వంటిల్లు

ఆహారం మారిస్తే నరాల జబ్బులు తగ్గుతాయా అని ఈమధ్య తెలిసినవాళ్లు నన్ను తరచుగా అడుగుతున్నారు. మా నాన్నకు పార్కిన్సన్స్ ఉందని, ఆయన తిండి విషయంలో మేం ఏవో మార్పులు చేశామని, అప్పట్నుంచి ఆయన కాస్త తేరుకున్నారని బంధువుల్లో మాట పాకింది. నేను చెప్పే జవాబు ఒకటే. జబ్బు తగ్గలేదు. కానీ తినే వేళలు మార్చాక నాన్నకు పగటిపూట చేతికొచ్చింది. మధ్యాహ్నం భోంచేశాక సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేని మనిషి, ఇప్పుడు అదే వేళలో మనవరాలికి లెక్కలు చెబుతున్నారు. ఇదెలా జరిగిందో, ఎక్కడిదాకా పనిచేసిందో, ఎక్కడ ఆగిపోయిందో వివరంగా రాస్తే ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

నాన్న కదిరి వైపు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. జబ్బు కుడిచేతి వణుకుతో బయటపడింది. దానికి ముందే సంతకం చిన్నదైపోతూ వచ్చింది, నడిచేటప్పుడు ఆ చెయ్యి ఊగడం మానేసింది. బెంగళూరులో నేనుంటాను కాబట్టి అక్కడ మెదడు, నరాల జబ్బులు చూసే పెద్దాసుపత్రి నిమ్హాన్స్‌కు తీసుకెళ్లాం. హోసూరు రోడ్డు మీద ఆ ఆవరణలోకి పొద్దున్నే అడుగుపెడితే చుట్టూ తెలుగు మాటలు వినిపిస్తూనే ఉంటాయి. అనంతపురం, కడప, చిత్తూరు వైపుల నుంచి రాత్రి బస్సెక్కి వచ్చేవాళ్లు చాలామంది. అక్కడే పార్కిన్సన్స్ అని తేల్చి మందు మొదలుపెట్టారు. తర్వాత అమ్మానాన్నలను బనశంకరిలో మా ఇంటికే తెచ్చేసుకున్నాం. రివ్యూలకు ఇంటికి దగ్గరలో ఉన్న న్యూరాలజిస్టు దగ్గరికి వెళుతున్నాం.

ఇచ్చిన మందు సిండోపా. ఈ జబ్బున్న ఇళ్లలో ఆ పేరు తెలియనివాళ్లు ఉండరు. అందులో లెవోడోపా, కార్బిడోపా అని రెండుంటాయి. పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు క్రమంగా చనిపోతుంటాయి. డోపమైన్‌ను నేరుగా మింగితే అది మెదడులోకి వెళ్లలేదు. లెవోడోపా వెళ్లగలదు, లోపలికి వెళ్లాక డోపమైన్‌గా మారుతుంది. దారిలోనే మారిపోకుండా కార్బిడోపా కాపలా కాస్తుంది. మొదటి రెండు మూడేళ్లు ఆ మాత్రలు అద్భుతంగా పనిచేశాయి. వేసుకున్న ముప్పావు గంటకల్లా నాన్న చొక్కా గుండీలు తనే పెట్టుకునేవారు.

తర్వాత మాత్ర ప్రభావం తొందరగా దిగిపోవడం మొదలైంది. దీన్నే డాక్టర్లు 'ఆఫ్' అంటారు. మందు పట్టి ఒళ్లు కదులుతున్న సమయం 'ఆన్', పట్టు వదిలి బిగుసుకుపోయే సమయం 'ఆఫ్'. జబ్బు ముదిరేకొద్దీ ఇలా జరగడం మామూలే అన్నారు, మాత్రల మధ్య వ్యవధి తగ్గించారు. అయినా మధ్యాహ్నాలు మాత్రం బాగుపడలేదు. ఒంటిగంట మాత్ర అసలు వేసుకోనట్టే ఉండేది. భోజనం చేశాక నాన్న కుర్చీలో కూర్చుంటే చెయ్యి వణుకుతూ, ముఖంలో కదలిక లేకుండా అలాగే ఉండిపోయేవారు. బాత్రూంకు వెళ్లాలంటే ఇద్దరం పట్టుకోవాలి. ఆ గంటల్లో ఆయన కళ్లలో కనబడే అవమానం చూడలేకపోయేదాన్ని. అమ్మేమో నీరసం అనుకుని మర్నాడు ఇంకో గరిటె పప్పు ఎక్కువ వేసేది. ముద్దపప్పు, నెయ్యి, పక్కన శెనక్కాయల ఊరిబిండి, చివర గడ్డపెరుగు. మా వైపు మనిషికి బలం రావాలంటే పెట్టేది ఇదే మరి.

డోసు పెంచమని అడగడానికి వెళ్తే డాక్టరుగారు వెంటనే పెంచలేదు. ముందు డైరీ రాయమన్నారు. మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఏ గంటలో ఒళ్లు కదిలింది, ఏ గంటలో బిగుసుకుంది. అంతే. ఈ పని నాన్నకు భలే నచ్చింది. గ్రాఫ్ పేపర్ తెప్పించుకుని, ఒళ్లు కదిలే వేళల్లో తనే గీతలు గీసుకునేవారు. గంటలు అడ్డంగా, కదలిక నిలువుగా, మాత్ర వేసుకున్నచోట చుక్క, తిన్నచోట చిన్న త్రిభుజం. చేతకాని వేళల వివరాలు నేను రాసిపెడితే తర్వాత ఎక్కించేవారు. కాగితాలు పక్కపక్కన పరిస్తే ఎవరూ వివరించకుండానే అర్థమైంది. పెద్ద త్రిభుజం పక్కన పడ్డ చుక్క తర్వాత గీత పైకి లేవడం లేదు. ఆదివారం పొద్దున పనుల హడావిడిలో టిఫిన్ ఆలస్యమైన రోజున మాత్రం గీత నిటారుగా లేచింది.

డాక్టరుగారు ఆ గ్రాఫులు చూసి నాన్నతో చేయి కలిపి, మమ్మల్ని డైటీషియన్ దగ్గరికి పంపారు. ఆమెది మదనపల్లె. నాన్నను 'సార్' అని పిలుస్తూ తెలుగులోనే వివరంగా చెప్పారు. మనం తినే మాంసకృత్తులు అరిగితే అమైనో ఆమ్లాలవుతాయి. లెవోడోపా కూడా అమైనో ఆమ్లమే. చిన్నపేగు గోడ దాటడానికి లూసిన్, వాలిన్, ఫినైలలనిన్ లాంటి అమైనో ఆమ్లాలు వాడే వాహకాన్నే లెవోడోపా కూడా వాడుకుంటుంది. రక్తంలోంచి మెదడులోకి వెళ్లేటప్పుడు మళ్లీ అదే రకం పోటీ. "మెజెస్టిక్ బస్టాండులో బస్సొస్తే ఉన్న ఒక్క తలుపు దగ్గరే అందరూ తోసుకుంటారు చూడండి సార్, ముద్దపప్పు తిన్నాక మీ మాత్ర పరిస్థితి అదే" అన్నారామె. నాన్న గట్టిగా నవ్వారు. ఆయన ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్లో అయింది.

ఇది ఎవరో ఊహించి చెప్పిన మాట కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1984లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. లెవోడోపాను నోటిద్వారా కాకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తూ రోగులకు మాంసకృత్తులు ఎక్కువున్న భోజనం పెట్టారు. రక్తంలో మందు తగ్గలేదు, అయినా వాళ్లు బిగుసుకుపోయారు. అంటే అడ్డం పేగుల్లోనే కాదు, మెదడు గుమ్మం దగ్గరా ఉందన్నమాట. అమ్మకు ఇదంతా చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తన చేత్తో ప్రేమగా వడ్డించిందే ఆయన మందుకు అడ్డమైందా అని బాధపడింది. కాదమ్మా, పప్పు మంచిదే, పెట్టే వేళే మారాలి అని డైటీషియన్ రెండోసారి వెళ్లినప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని చెప్పారు. ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

మొదట మార్చింది తిండిని కాదు, మాత్ర వేళని. జబ్బు తొలిరోజుల్లో సిండోపా వేసుకుంటే నాన్నకు కడుపులో తిప్పేది, అందుకని తిన్నాక వేసుకోమన్నారు. వికారం ఎప్పుడో పోయింది గానీ అలవాటు అలాగే ఉండిపోయింది. పైగా పొద్దున మాత్ర చిక్కటి పాలకాఫీతో వేసుకునేవారు. పాలల్లోనూ మాంసకృత్తులే కదా. ఇప్పుడు తినడానికి కనీసం అరగంట ముందు, తిన్నాకైతే గంటన్నర ఆగి, నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకుంటున్నారు. కాఫీ తర్వాతే. కడుపులో తిప్పినట్టుంటే రెండు ముక్కలు అరటిపండు తినమన్నారు, అందులో మాంసకృత్తులు నామమాత్రం. ఈ ఒక్క మార్పుతోనే పొద్దున మాత్ర ముందుకంటే తొందరగా పట్టడం మొదలైంది. ఖర్చు లేదు, వంట మారలేదు. ఈ జబ్బుకు లెవోడోపా వేసుకునే ప్రతి ఇంట్లో ముందు ఈ ఒక్క విషయం డాక్టరును అడిగి సరిచూసుకోమని బతిమాలుతున్నాను.

మధ్యాహ్నం సంగతి అంత సులువుగా తేలలేదు. భోజనానికి అరగంట ముందు మాత్ర వేసినా, పొద్దున టిఫిన్‌లో తిన్నది ఇంకా పొట్టలోనే ఉంటుంది. పార్కిన్సన్స్‌లో పొట్ట ఖాళీ అవడమే నెమ్మది. అప్పుడు రెండో అడుగు వేశాం. పగలంతా మాంసకృత్తులు తగ్గించి, రోజుకు కావాల్సినవి దాదాపుగా రాత్రి భోజనంలో పెట్టడం. ఇది 1980ల నుంచి వాడుకలో ఉన్న పద్ధతే. కచ్చితంగా పాటించేవాళ్లు పగలు 10 గ్రాములు కూడా దాటనివ్వరు. మాకు అంత వద్దన్నారు, ఎందుకంటే వరన్నంలోనే 100 గ్రాముల బియ్యానికి 7, 8 గ్రాములు వచ్చేస్తాయి. మనిషి తినాలి కదా.

లెక్క నాన్నే వేశారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. నాన్న బరువు అప్పటికి 60 కిలోలు, అంటే రోజుకు 50 గ్రాములు. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22, శెనక్కాయల్లో 24 దాకా, రాగుల్లో 7, ఒక గుడ్డులో 6, గ్లాసు పాలలో 6 పైచిలుకు. ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించారు. ఏది ఎప్పుడు తినాలో అమ్మా ఆయనా కూర్చుని తేల్చుకున్నారు.

పొద్దున ఉగ్గాణి ఉంది, కానీ పుట్నాల పొడి వెయ్యకుండా. బొరుగులు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, నిమ్మరసం. పుట్నాల పొడి లేకపోతే అది ఉగ్గాణే కాదని అమ్మ వాదన, నిజమే కూడా, అయినా చేసింది. కొన్ని రోజులు బియ్యప్పిండి రొట్టె, బెంగళూరులో దొరికే అక్కి రొట్టి లాంటిదే, దాంతో టమాటా పచ్చడి. ఇడ్లీలో మినప్పప్పు ఉంటుంది కాబట్టి వారానికోసారికి తగ్గింది. మధ్యాహ్నం చిన్న రాగి సంగటి ముద్ద గానీ అన్నం గానీ, వంకాయ పులుసు, బీరకాయ కూర, పప్పు వెయ్యని మిరియాల చారు. పెరుగు బదులు పలచటి మజ్జిగ. సాయంత్రం బొప్పాయి, జామపండు. రాత్రి ఏడున్నరకు మాత్రం అమ్మ కోరినట్టే పెట్టొచ్చు. పప్పు, గుడ్డు, ఊరిబిండి, గడ్డపెరుగు, పడుకునే ముందు పాలు.

వారం తిరిగేలోపే తేడా కనబడింది. మధ్యాహ్నం మూడింటికి నాన్న తనే లేచి బాల్కనీ దాకా నడిచి, కింద కూరగాయల బండివాడితో కన్నడంలో బేరమాడుతున్నారు. గ్రాఫులో గీత ఒంటిగంట మాత్ర తర్వాత కూడా లేవడం మొదలైంది. నేను ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే అమ్మ "ఇగో, ఆయనతోనే మాట్లాడు" అని ఇచ్చేది. గొంతు వినబడేలా మాట్లాడుతున్నారు. ఈ వాక్యాలు రాస్తుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తాయి.

అయితే దీనికి చెల్లించాల్సింది చెల్లించాం. రాత్రి మాంసకృత్తులన్నీ ఒక్కసారిగా పడితే రాత్రి మాత్ర పనిచెయ్యదు. పడుకున్నాక నాన్న పక్కకు తిరగలేకపోయేవారు, అమ్మ లేచి తిప్పాల్సి వచ్చేది. ఇది ముందే చెప్పారు గనక కంగారు పడలేదు. డాక్టరుగారు పడుకునే వేళకు నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్ర చేర్చారు, కొంత నయమైంది. రెండోది, పగలు మందు బాగా ఎక్కుతుంటే అదే మోతాదు ఎక్కువైనట్టయింది. మెడ, భుజం వాటంతటవే మెలికలు తిరిగేవి. దీన్ని డిస్కినీషియా అంటారు. అప్పుడు డోసు కొంచెం తగ్గించారు. డోసు పెంచమని అడగడానికి వెళ్లిన మేము తగ్గించుకుని వచ్చామన్నమాట. డాక్టరుకు చెప్పకుండా ఇంట్లోనే ఈ మార్పులు చేసుకోకూడదనడానికి ఇదే కారణం. మూడోది బరువు. మొదటి నెలల్లో నాన్న రెండు కిలోలకు పైగా తగ్గారు. ఈ జబ్బులో బరువు, కండ మామూలుగానే తగ్గుతాయి, ఎముకలు పలచబడతాయి, పడితే విరుగుతాయి. అందుకని పగటి వంటల్లో నెయ్యి, కొబ్బరి పెంచమన్నారు, రాత్రి గుడ్లు రెండు చేశారు. ఇప్పుడు నెలకోసారి బరువు చూడడం మానం.

మలబద్ధకం గురించి మనవాళ్లు డాక్టరు దగ్గర కూడా చెప్పుకోరు. కానీ ఈ జబ్బులో వణుకుకంటే ఎన్నో ఏళ్ల ముందే అది మొదలవుతుంది. నాన్న విషయంలోనూ అంతే, కదిరిలో ఉన్నప్పట్నుంచే బాధపడేవారట. పేగులు కదలకపోతే మందూ సరిగా ఎక్కదు. ఆకుకూరలు, తొక్కతో పండ్లు, రాగులు, జొన్నలు, వీటికి తోడు నీళ్లు. నాన్న నీళ్లు తాగేది బాగా తక్కువ, బాత్రూంకు లేవాల్సి వస్తుందని భయం. పగలు కదలిక వచ్చాక ఆ భయం తగ్గింది, నీళ్లు పెరిగాయి. ఇసబ్గోల్ కూడా రాసిచ్చారు. నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడానికీ నీళ్లు సాయం చేశాయి. కడుపునిండా అన్నం తిన్న వెంటనే కళ్లు తిరగడం ఎక్కువగా ఉండేది, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తింటే తగ్గింది.

ఇక దూలగొండి సంగతి. మా దూరపు చుట్టం ఒకాయన ఊరి నుంచి వస్తూ ఒక డబ్బా తెచ్చారు. దూలగొండి గింజల పొడి, ప్రకృతి సిద్ధమైంది, ఇది వాడితే మాత్రలతో పనే ఉండదన్నారు. ఆయన మంచి మనసుతోనే తెచ్చారు. దూలగొండిలో నిజంగానే మందుంది. ఆ గింజల్లో లెవోడోపా ఉందని 1937లోనే దామోదరన్, రామస్వామి అనే మన శాస్త్రవేత్తలు వేరుచేసి చూపారు. ఆయుర్వేదంలో కంపవాతానికి, అంటే ఇలాంటి వణుకు జబ్బుకు, దీన్ని ఎంతోకాలంగా వాడుతున్నారు. 2004లో లండన్‌లో 8 మంది రోగులకు 30 గ్రాముల గింజల పొడి ఇచ్చి చూస్తే మామూలు మాత్రకంటే తొందరగా పట్టింది. కాబట్టి మూఢనమ్మకం అని కొట్టిపారేసే వస్తువు కాదు. చిక్కు కూడా అక్కడే ఉంది. అది మందే. ఒక డబ్బాలో ఎంత లెవోడోపా ఉందో తెలియదు, కాపలా కాసే కార్బిడోపా అందులో ఉండదు. మాత్రల మీద అదనంగా వేసుకుంటే డోసు పెంచినట్టే. నాన్న మాకు చెప్పకుండా కొన్నాళ్లు పొద్దున్నే ఒక చెంచా నీళ్లలో కలుపుకుని తాగారు. మెలికలు విపరీతమై, ఒక రాత్రి గదిలో ఎవరో పిల్లలు నిలబడి ఉన్నారని అమ్మతో అన్నారు. లెవోడోపా ఎక్కువైతే ఇలా లేనివి కనబడతాయి. అమ్మ వణికిపోయింది. డబ్బా ఆపేశాక ఆ భ్రమలు పోయాయి. డాక్టరుగారు నాన్నను మందలించలేదు. "వాడాలనిపిస్తే నాకు చెప్పండి, మాత్ర తగ్గించి లెక్క చూసుకుందాం. రెండూ కలిపి మాత్రం వద్దు" అన్నారు.

ఇంకో వైపు నుంచి వచ్చే ఒత్తిడి ఇంతకంటే కష్టం. మూలకారణాన్ని నయం చేస్తామంటూ నెలకు వేలకు వేలు తీసుకునే ఒక చోటికి మమ్మల్ని తీసుకెళ్లారు. వాళ్లు కోఎంజైమ్ క్యూ10, విటమిన్ ఇ, క్రియాటిన్ అనే సప్లిమెంట్లున్న పెద్ద ప్యాకేజీ చేతిలో పెట్టి, మెదడు కణాలు మళ్లీ పుడతాయన్నారు. ఈ మూడింటినీ పార్కిన్సన్స్ మీద పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు. విటమిన్ ఇ 1993లో 800 మంది మీద, కోఎంజైమ్ క్యూ10 2014లో 600 మంది మీద, క్రియాటిన్ 2015లో 1,741 మంది మీద. జబ్బు ముదిరే వేగం ఏ ఒక్కదానితోనూ తగ్గలేదు. ఈ సంగతి అడిగితే సమాధానం లేదు, పైగా మీకు నమ్మకం లేకపోతే ఎలా తగ్గుతుందని నన్నే అన్నారు. ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నవాళ్ల ఆశ మీద వ్యాపారం చేయడం చూస్తే నాకు కడుపు మండుతుంది. ఆ డబ్బుతో ఫిజియోథెరపీకి పంపితే మనిషి నడుస్తాడు.

కీటో డైట్ గురించి కూడా చాలామంది అడుగుతారు. కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ ఉండే ఆ ఆహారం నరాల జబ్బుల్లో నిజంగా నిలబడ్డ చోటు ఒకటుంది, మందులకు లొంగని పిల్లల మూర్ఛ. 1921 నుంచి వాడుతున్నారు. 2008లో 145 మంది పిల్లల మీద జరిగిన పరీక్షలో, ఆ ఆహారం పెట్టినవాళ్లలో 38 శాతం మందికి మూర్ఛలు సగానికి పైగా తగ్గాయి, పెట్టనివాళ్లలో 6 శాతానికే తగ్గాయి. అదైనా ఆసుపత్రి పర్యవేక్షణలో, గ్రాములు తూచి పెట్టేది. పార్కిన్సన్స్‌లో ఇప్పటిదాకా జరిగినవి చిన్న పరీక్షలే. బరువు తగ్గిపోతున్న పెద్దాయనకు దాన్ని మొదలుపెట్టడానికి మా డాక్టరుగారు ఒప్పుకోలేదు, నాకూ ధైర్యం చాలలేదు.

మేం ఊహించనిది బీ12. నాన్న అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే అదీ పార్కిన్సన్స్‌లో భాగమేననుకున్నాం. రక్తపరీక్షలో బీ12 బాగా తక్కువ ఉంది. ఎన్నో ఏళ్లు లెవోడోపా వాడేవాళ్లలో అది తగ్గడం కనబడుతుంది, దానికి తోడు మాంసం తినే అలవాటు లేని ఇల్లు మాది, గుడ్డే చాలా ఆలస్యంగా వచ్చింది. ఇంజెక్షన్లు వేయించాక తిమ్మిరి చాలావరకు పోయింది. ఒక లోపాన్ని గుర్తించి పూడిస్తే పోయే బాధ ఇది. రక్తహీనతకు ఐరన్ మాత్ర కూడా రాసిచ్చారు, కానీ ఐరన్ లెవోడోపాను పట్టేసుకుంటుంది కాబట్టి రెంటికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలన్నారు. మందుల షాపులో ఆ మాట ఎవరూ చెప్పలేదు, డైటీషియనే చెప్పారు.

ఈ ఏడాది మింగడంలో ఇబ్బంది మొదలైంది. మజ్జిగ, నీళ్లు తాగేటప్పుడు పొలమారుతోంది. బొరుగులు పొడిపొడిగా గొంతులో అడ్డం పడుతున్నాయి, అందుకని ఉగ్గాణి బాగా తడిపి మెత్తగా చేస్తోంది అమ్మ. నిటారుగా కూర్చుని, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చిన్న గుటకలు వెయ్యమని స్పీచ్ థెరపిస్టు నేర్పారు. తినేటప్పుడు టీవీ కట్టేస్తున్నాం. మందు బాగా పట్టిన గంటలో అన్నం పెడితే మింగడం తేలికగా ఉంటుంది, అంటే మాత్ర వేళా భోజనం వేళా ఇక్కడ మళ్లీ ఒకదానికొకటి ముడిపడ్డాయి. నాన్న గ్రాఫు కాగితాల్లో ఇప్పుడు పొలమారినచోట ఎర్ర ఇంకుతో అడ్డగీత కూడా ఉంటోంది.

మొన్న పార్కులో హిందూపురం వాళ్లు ఒకరు పరిచయమయ్యారు. వాళ్ల నాన్నగారికీ ఇదే జబ్బు, నిరుడు తేలిందట. ఫ్రిజ్ మీది కాగితాన్ని ఫోటో తీసి పంపమ్మా, రేపట్నుంచే మధ్యాహ్నం పప్పు ఆపేస్తాం అన్నాడాయన. ఏం మందు వాడుతున్నారని అడిగాను. ప్రమిపెక్సోల్ ఒక్కటే అన్నాడు. అదీ పార్కిన్సన్స్ మందే గానీ లెవోడోపా కాదు, దానికి మాంసకృత్తులతో పోటీ లేదు. లెవోడోపా వాడుతూ, భోజనం తర్వాత మందు పట్టని వాళ్లకే ఈ పద్ధతి అవసరం. వాళ్ల నాన్నగారు హాయిగా మధ్యాహ్నం పప్పన్నం తినొచ్చని, పీచు, నీళ్లు, నడక మాత్రం ఇప్పట్నుంచే చూసుకోమని, బీ12 పరీక్ష గురించి డాక్టరును అడగమని చెప్పాను. ఫ్రిజ్ మీది కాగితానికి బదులు నాన్న గీసే ఖాళీ గ్రాఫు పంపాను. రేపెప్పుడైనా లెవోడోపా మొదలుపెడితే అది నింపుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నాను.